డాక్టరు రాసిన మాత్ర, పోలీసులు రాసిన కేసు: రికార్డు చెరిగే దారి ఎక్కడుంది?

సంక్షిప్తంగా: డాక్టరు రాసిన మందే అయినా, అది వేసుకుని వాహనాన్ని అదుపు చేయలేని స్థితిలో నడిపితే నేరమే. మద్యం రక్తంలో ఎంత దాటకూడదో చట్టంలో అంకె ఉంది, మందులకు లేదు. అందువల్ల ఇలాంటి కేసుల్లో తొలి కొన్ని గంటల్లో పోగయ్యే సాక్ష్యమే కీలకం. శిక్ష పడ్డాక ఆ రికార్డును పూర్తిగా తుడిచివేసే చట్టం పెద్దవారి విషయంలో మన దేశంలో లేదు. పాశ్చాత్య దేశాల్లోని పద్ధతులు విని ఇక్కడా అవే ఉంటాయనుకుంటే, మొదటి వాయిదాలోనే సరిదిద్దుకోలేని పొరపాటు జరుగుతుంది.

కత్తెరతో కోసి ఇచ్చిన నాలుగు మాత్రలు

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో డాక్టరుకు చూపించుకుని, ఆసుపత్రి కిందనే ఉన్న షాపులో మందులు తీసుకుని, వచ్చిన బండి మీదే తిరిగి వెళ్లడం అందరికీ అలవాటైన పని. షాపతను పది మాత్రల పట్టీని కత్తెరతో కోసి నాలుగు చేతిలో పెడతాడు. చిన్న కాగితం కవరు మీద ఉదయానికో గీత, రాత్రికో గీత. మందు పేరు, హెచ్చరిక ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే మిగిలిపోతుంది. బిల్లు అడిగేవారు తక్కువ. ఆ నాలుగు మాత్రలు జలుబుకు ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్ కావచ్చు, ఆందోళనకు ఇచ్చే ఆల్ప్రజోలం కావచ్చు, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ కావచ్చు. అన్నీ చట్టబద్ధమైన మందులే. అన్నీ మగత తెప్పించేవే.

మిర్చి సీజను వచ్చిందంటే గుంటూరు యార్డు చుట్టుపక్కల తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల మంటలు తప్పవు. బస్తాలు ఎక్కించుకుని రాత్రికి చెన్నై వైపు బయలుదేరే లారీ డ్రైవరు ఒక అలర్జీ మాత్ర వేసుకుంటే దాన్ని ఎవరూ మత్తు అనరు. అతనూ అనుకోడు. చిక్కంతా అక్కడే ఉంది. అమెరికాలోని అయోవాలో డ్రైవింగ్ సిమ్యులేటరు మీద చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, డైఫెన్‌హైడ్రమిన్ అనే పాత తరం అలర్జీ మందు వేసుకున్నవారు మద్యం తాగినవారికంటే అధ్వానంగా నడిపారు. తమకు ఎంత మగతగా ఉందని వారు చెప్పుకున్నారో, దాన్నిబట్టి వారు ఎలా నడుపుతారో అంచనా వేయడం కుదరలేదు. అంటే ‘నాకేమీ మత్తుగా లేదు, నడపగలను’ అని మనిషి నిజాయితీగా నమ్మినా, ఆ నమ్మకం అతని చేతులకూ కళ్లకూ హామీ ఇవ్వదు.

రాత్రి వేసుకున్న మాత్ర తెల్లవారేదాకా పనిచేయడం ఇంకో సంగతి. నిద్రకు ఇచ్చే జోల్పిడెమ్ మరుసటి ఉదయం కూడా డ్రైవింగును దెబ్బతీసే స్థాయిలో రక్తంలో ఉంటోందని, 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మహిళలకు సిఫారసు చేసే మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది. ఉదయం ఆరింటికి పిల్లలను స్కూటీ మీద ట్యూషనుకు దింపే తల్లికి ఈ విషయం ఎవరు చెప్పాలి? డాక్టరు చెప్పాలి, షాపులో చెప్పాలి. రెండు చోట్లా జనం కిటకిటలాడుతుంటే చెప్పడం జరగదు.

మద్యానికి అంకె, మందుకు స్థితి

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్‌ను చాలామంది మద్యం సెక్షన్‌గానే ఎరుగుదురు. నిజానికి దానికి రెండు భాగాలున్నాయి. మొదటిది మద్యానిది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మనిషి ఎంత నిబ్బరంగా ఉన్నా, బండి ఎంత చక్కగా నడిపినా, అంకె దాటితే దాటినట్టే. రెండోది డ్రగ్స్‌ది. వాహనాన్ని సరిగా అదుపు చేయలేనంతగా వాటి ప్రభావంలో ఉంటే నేరం. ఇక్కడ అంకె లేదు. రక్తంలో ఆ పదార్థం ఉందని తేలడంతో సగం ప్రశ్నకే జవాబు వస్తుంది. ఆ సమయానికి ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడన్నది మిగతా సగం.

శిక్ష మాత్రం రెండింటికీ ఒకటే. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 185 కింద శిక్ష పడినవారి లైసెన్సును కనీసం ఆరు నెలలు పనికిరాకుండా చేయాలని అదే చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది.

‘డ్రగ్’ అంటే ఏమిటన్నదాన్ని 2019 సవరణ విస్తరించింది. మద్యం కాని ఇతర మత్తుపదార్థాలతోపాటు, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని మాదకద్రవ్యాలను, మనసుపై ప్రభావం చూపే పదార్థాలను ఇందులో చేర్చింది. ఆల్ప్రజోలం, డయజెపామ్, క్లోనజెపామ్, జోల్పిడెమ్ ఆ చట్టం జాబితాలో ఉన్నవే. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ 2018లో చేరింది. డాక్టరు రాస్తే మినహాయింపు అన్న మాట 185లో ఎక్కడా లేదు. మందుల చీటీ ఆ మాత్రను దగ్గర ఉంచుకోవడానికి హక్కునిస్తుంది. దాన్ని వేసుకుని స్టీరింగు పట్టడానికి హక్కునివ్వదు.

అయితే ఇదే సెక్షన్ నిందితుడికి పనికివచ్చే మాట కూడా ఒకటి అంటోంది. ప్రాసిక్యూషన్ రుజువు చేయాల్సింది మందు ఉనికిని మాత్రమే కాదు, అదుపు తప్పడాన్ని కూడా. డయజెపామ్ రక్తంలో సగానికి తగ్గడానికే 20 నుంచి 50 గంటలు పట్టవచ్చు. ఏళ్ల తరబడి డాక్టరు చెప్పిన మోతాదు వాడుతూ, శరీరం అలవాటుపడి, మామూలుగా నడిపే వ్యక్తి రక్తంలోనూ అది కనిపిస్తుంది. ల్యాబ్ నివేదిక ఒక్కటే చూపించి శిక్ష అడిగితే, ‘అదుపు చేయలేనంతగా’ అన్న మాట దగ్గర కేసు నిలబడకపోవచ్చు. మందు విషయంలో పౌరుడికీ పోలీసుకూ మధ్య ఉన్న న్యాయమైన గీత ఇదే. దీన్ని ఇద్దరూ గుర్తించాలి.

సెట్రిజిన్ వంటి అలర్జీ మందులు ఎన్‌డీపీఎస్ జాబితాలో లేవు. అలాంటి మందు వేసుకున్నాక ప్రమాదం జరిగితే ప్రమాదకర డ్రైవింగుకు సంబంధించిన 184వ సెక్షన్, భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యపు డ్రైవింగుకు చెందిన 281 ముందుకు వస్తాయి. ప్రాణం పోతే 106 వస్తుంది. అందులో శిక్ష ఐదేళ్ల దాకా ఉంది. జబ్బు వల్ల ప్రమాదమని తెలిసీ నడపడం మోటారు వాహనాల చట్టం 186 కింద వేరే నేరం. షుగరు పడిపోయి మాట తడబడుతున్న మధుమేహ రోగిని చూసి తాగాడనుకోవడం సులువు. అతనికి ముందు కావాల్సింది గ్లూకోజు. తేడా ఏమిటంటే 186 కింద కేసును జరిమానాతో రాజీ చేసుకునే వీలు చట్టం ఇచ్చింది. 185కు ఆ వీలు లేదు. కోర్టు మెట్లు ఎక్కాల్సిందే.

ఆయుర్వేద మందులైన అరిష్టాల విషయం మరీ చిక్కు. ద్రాక్షారిష్టం, అశోకారిష్టం వంటివి పులియబెట్టి చేసేవి కాబట్టి వాటిలో సహజంగానే కొంత ఆల్కహాలు ఉంటుంది. బెంజి సర్కిల్ దగ్గర బ్రీత్ ఎనలైజరులో ఊదేముందే రెండు మూతల అరిష్టం తాగి ఉంటే, నోటిలో మిగిలిన ఆవిరి కూడా అంకెను పెంచగలదు. అది రక్తంలోని మోతాదు కాదు. నోటిలోని ఆల్కహాలు పావుగంటలో పోతుంది. కాసేపు ఆగి మళ్లీ పరీక్షించమనీ, రక్త పరీక్ష చేయించమనీ అడగడం తొండి చేయడం కాదు, ఆ యంత్రం పనిచేసే తీరు తెలిసి అడగడం. రక్తంలోనే 30 దాటితే మాత్రం అది ఏ సీసాలోంచి వచ్చిందన్నది 185కు పట్టదు.

తొలి రెండు గంటలు

185 కింద యూనిఫాంలోని పోలీసు అధికారి వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. కానీ 202వ సెక్షన్ ఒక షరతు పెట్టింది. అరెస్టయిన వ్యక్తికి రెండు గంటల్లోగా రిజిస్టర్డ్ వైద్యుడి చేత పరీక్ష జరిపించాలి. జరగకపోతే వదిలేయాలి. బ్రీత్ ఎనలైజరు పట్టేది ఆల్కహాలునే. ఆల్ప్రజోలాన్ని అది పట్టలేదు. అందువల్ల మందుల కేసులో వైద్యుడు ఆ రెండు గంటల్లో రాసే కాగితమే అన్నిటికంటే బరువైనది: కనుపాపలు, నడక, మాట, నాడి, రక్త నమూనా తీసిన సమయం. సరైన కారణం లేకుండా నమూనాకు నిరాకరిస్తే, అది ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి ఊతంగా భావించవచ్చని 205వ సెక్షన్ చెబుతోంది.

తడబడే నడక, ముద్ద మాటల వంటి లక్షణాలు మాత్రమే చూసి మద్యం తాగినట్టు తేల్చలేమని, రక్తం లేదా మూత్ర పరీక్ష కావాలని సుప్రీంకోర్టు 1971లో బచూభాయి హసనల్లీ కర్యానీ కేసులో చెప్పింది. మందుల కేసుల్లో ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. ఎందుకంటే అదే తడబాటు జ్వరం వల్ల, నిద్రలేమి వల్ల, షుగరు పడిపోవడం వల్ల కూడా వస్తుంది.

ఈ దశలో నిందితుడి వైపు నుంచి పనికివచ్చేవి మామూలు కాగితాలే. తేదీ ఉన్న మందుల చీటీ, షాపు బిల్లు, ఆసుపత్రి ఓపీ పుస్తకం. ఇందాక చెప్పిన కత్తెర ముక్క, బిల్లు లేని కవరు ఇక్కడ అడ్డం తిరుగుతాయి. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పటి నుంచి అన్న మూడు ప్రశ్నలకు ఆ కవరు మీది గీతలు జవాబు చెప్పలేవు.

తనకు తెలియకుండా మత్తు ఎక్కించారన్నవారికి న్యాయ సంహిత 23వ సెక్షన్‌లో రక్షణ ఉంది. అయితే అది తాను ఏం చేస్తున్నదీ తెలియనంత మత్తుకే వర్తిస్తుంది. తెలిసి వేసుకున్న మాత్రకు అది అక్కరకు రాదు.

మొదటి వాయిదా, ఒక్క తల ఊపు

కోర్టులో చిన్న కేసుల రోజు వరుసగా పేర్లు పిలుస్తారు. పేరు వినబడగానే ముందుకు వెళ్లాలి. నేరం ఒప్పుకుంటున్నారా అని మెజిస్ట్రేట్ అడుగుతారు. వెనుక యాభై మంది నిలబడి ఉంటారు, ఆఫీసుకో దుకాణానికో ఆలస్యమవుతుంటుంది, పక్కనున్నవారు ‘ఫైను కట్టేస్తే అయిపోతుంది’ అంటారు. తల ఊపి, డబ్బు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని బయటికి వస్తారు.

అక్కడ అయిపోయింది విచారణ. మొదలైంది రికార్డు. ఆ తల ఊపు చట్టం దృష్టిలో నేరాంగీకారం, ఆ జరిమానా క్రిమినల్ కోర్టు విధించిన శిక్ష. ట్రాఫిక్ చలానా కట్టడం వంటిది కాదది. నేరం ఒప్పుకుని శిక్ష పొందినవారికి సాధారణంగా అప్పీలు హక్కు కూడా ఉండదు. శిక్ష మోతాదు ఎక్కువైందనో చట్టబద్ధం కాదనో మాత్రమే పైకోర్టుకు వెళ్లగలరు. డాక్టరు చెప్పిన మోతాదే వేసుకుని, అదుపు తప్పకుండానే నడిపిన వ్యక్తికి వాదించడానికి నిజమైన అంశం ఉంది. దాన్ని ఆ ఒక్క నిమిషంలో వదులుకుంటున్నాడు. లాయరు ఫీజు ఇవ్వలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత సహాయం దొరుకుతుంది.

తప్పు నిజంగా చేసినవారు ఒప్పుకోవడం వేరు, అది వారి మనస్సాక్షికి సంబంధించిన సంగతి. ఒప్పుకోవడమంటే ఏమిటో తెలియక ఒప్పుకునే పరిస్థితి ఉండకూడదు.

‘రికార్డు’ ఒక్క చోట ఉండదు

రికార్డు తీసేయించాలి అన్నప్పుడు అది ఎక్కడో ఒక పుస్తకంలో ఉందని, ఒక దరఖాస్తుతో కొట్టేస్తారని ఊహ. అది కనీసం మూడు చోట్ల ఉంటుంది. స్టేషను వివరాలు పోలీసు రికార్డులను కలిపే దేశవ్యాప్త సీసీటీఎన్‌ఎస్ కంప్యూటరు వ్యవస్థలోకి చేరతాయి. కోర్టు కేసు వివరాలు ఈ-కోర్టుల వెబ్‌సైటులో పేరు కొట్టి వెతికితే దొరుకుతాయి. లైసెన్సు మీది చర్య రవాణా శాఖ దగ్గర ఉంటుంది. ఒక చోట మారినంత మాత్రాన మిగతా రెండూ వాటంతట అవి మారవు. నిర్దోషిగా బయటపడిన వ్యక్తి పేరు కూడా వెబ్‌సైటులో నిందితుడిగా కనిపిస్తూనే ఉంటుంది. చివర ‘కేసు ముగిసింది’ అని ఉన్నా, పెళ్లి సంబంధం చూసేవారు అంతదూరం చదవరు.

చెరపడానికి దగ్గరగా వచ్చే దారులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే బలమైనది విచారణలో నిర్దోషిగా తేలడం. కేసే నిలవదనుకుంటే, నేలపాడులోని రాష్ట్ర హైకోర్టులో భారతీయ నాగరిక సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద కొట్టివేత కోరవచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇదే 482. రెండు గంటల వైద్య పరీక్ష జరగకపోవడం, రక్త పరీక్ష లేకపోవడం, అదుపు తప్పినట్టు చార్జిషీటులో ఒక్క ముక్క లేకపోవడం వంటివి అక్కడ వాదనకు పనికివస్తాయి.

మూడో దారి 1958 నాటి ప్రొబేషన్ చట్టం. దీన్ని అడిగేవారే తక్కువ. నేరం రుజువైనా, మొదటి తప్పు అయితే, మందలించి వదిలేయడానికి 3వ సెక్షన్, సత్ప్రవర్తన బాండు మీద విడిచిపెట్టడానికి 4వ సెక్షన్ వీలు కల్పిస్తాయి. అలా విడుదలైనవారికి ఆ శిక్షతో ముడిపడిన అనర్హతలు అంటవని 12వ సెక్షన్ చెబుతుంది. శిక్ష పడిందన్న వాస్తవం మాత్రం అలాగే ఉంటుంది. దాని వల్ల కలిగే నష్టం ఒక మేరకు తగ్గుతుంది. ప్రాణాలు పోయిన డ్రైవింగు కేసుల్లో ఈ ఉదారత చూపరాదని 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది కాబట్టి అక్కడ దీని మీద ఆశ పెట్టుకోలేం.

నిజంగా రికార్డును నాశనం చేయమని చెప్పే చట్టం 2015 నాటి బాలల న్యాయ చట్టం. 18 ఏళ్లలోపు వారి రికార్డును అప్పీలు గడువు ముగిశాక తొలగించాలని 24వ సెక్షన్ అంటోంది, ఘోర నేరాల్లో కొన్ని మినహాయింపులతో. కానీ మైనరు బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 199ఎ కింద తల్లిదండ్రులకో వాహన యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. కొడుకు రికార్డు చెరిగిపోతుంది, తండ్రిది మిగులుతుంది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసు తీర్పులో చెప్పాక, నిర్దోషులు తమ పేర్లను ఆన్‌లైన్ తీర్పుల నుంచి తీసేయమని హైకోర్టులను కోరుతున్నారు. ఒక్కో హైకోర్టు ఒక్కోలా స్పందిస్తోంది. దేశమంతటికీ వర్తించే పద్ధతి రావాల్సిన అవసరం ఇక్కడ స్పష్టంగా ఉంది. నిర్దోషికీ దోషికీ వెతుకులాటలో ఒకే ఫలితం కనిపించడం న్యాయం అనిపించుకోదు.

ఉద్యోగం, పాస్‌పోర్టు, బీమా

ప్రభుత్వ ఉద్యోగ ఫారాల్లో అరెస్టు, కేసు, శిక్షల గురించి అడుగుతారు. చిన్న కేసును దాచడం వల్ల వచ్చే చేటు, కేసు వల్ల వచ్చే చేటుకంటే పెద్దది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నిజం చెప్పడం తప్పనిసరి అంటూనే, స్వల్ప నేరాల విషయంలో యజమాని విచక్షణ చూపవచ్చని చెప్పింది.

పాస్‌పోర్టు దగ్గర లెక్క వేరు. 1967 చట్టం ప్రకారం అడ్డంకి అయ్యే శిక్ష గత ఐదేళ్లలో నైతిక పతనంతో కూడిన నేరానికి పడినదై, రెండేళ్లకు తగ్గనిదై ఉండాలి. 10,000 జరిమానా ఆ కోవలోకి రాదు. కానీ కేసు కోర్టులో నడుస్తుంటే అదే అడ్డంకి, అప్పుడు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అందుకే వీసా గడువు తరుముతున్న విద్యార్థి ‘ఒప్పేసుకుని వదిలించుకుందాం’ అనుకుంటాడు. ఆ తొందర అతనికి పాస్‌పోర్టు ఇప్పిస్తుంది, వీసా దగ్గర నిలదీస్తుంది.

బీమా సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, 185 పరిధిలోని డ్రైవింగును కంపెనీలు తమ రక్షణగా వాడుకునే వీలు మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్‌లో ఉంది. సొంత బండి నష్టం చేతికి రాకపోవచ్చు.

బయటి దేశాల కొలత

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 మార్చి 2 నుంచి డయజెపామ్, మార్ఫిన్ వంటి మందులకు కూడా రక్తంలో అంకె పెట్టారు. దానితోపాటే, డాక్టరు చెప్పినట్టు వాడినవారికి చట్టంలోనే రక్షణ రాశారు. అదుపు తప్పితే మాత్రం వేరే సెక్షన్ వర్తిస్తుంది. అంకె, రక్షణ రెండూ కాగితం మీద ఉండడం వల్ల అక్కడి డ్రైవరుకు తాను ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది. మన చట్టంలో రెండూ లేవు.

కాలిఫోర్నియాలో మందు వాడే హక్కు ఉందన్నది రక్షణ కాదని వాహన చట్టమే చెబుతుంది. ప్రొబేషన్ ముగిశాక కేసును కొట్టేయించుకునే పద్ధతి అక్కడ ఉంది. అమెరికాలోని బంధువులు ఫోనులో చెప్పే ‘రికార్డు క్లియర్’ ఇదే. అలా కొట్టేసినా పదేళ్లలో మళ్లీ పట్టుబడితే పాతదాన్ని లెక్కలోకి తీసుకుంటారు. వలస అధికారుల దృష్టిలో అది శిక్షగానే మిగులుతుంది. వీసా దరఖాస్తు కూడా, క్షమాభిక్ష దొరికినా సరే, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది.

కెనడా లెక్క మరీ కఠినం. 2018 డిసెంబరు 18 నుంచి మత్తులో డ్రైవింగుకు అక్కడ గరిష్ఠ శిక్ష పదేళ్లు. వలస చట్టం విదేశీ శిక్షను తూచేటప్పుడు ఆ దేశంలో ఎంత శిక్ష వేశారని చూడదు, అదే పని కెనడాలో చేస్తే ఎంత వరకు వేయవచ్చో చూస్తుంది. నేరం సమానమైనదని తేలితే, విజయవాడ కోర్టులో కట్టిన 10,000 రూపాయలు అక్కడ ‘తీవ్ర నేరం’ గూటిలో పడతాయి. దానివల్ల ప్రవేశానికి వచ్చే అడ్డు తొలగించమని కోరే ‘పునరావాస’ దరఖాస్తు పెట్టుకోవాలంటే శిక్ష పూర్తయి ఐదేళ్లు గడవాలి. జరిమానా మాత్రమే పడినవారికి ఆ ఐదేళ్లు డబ్బు కట్టిన రోజు నుంచి మొదలవుతాయి. ఆ రోజు కోర్టులో ఇచ్చిన రసీదునూ, తీర్పు సర్టిఫైడ్ కాపీనీ పాస్‌పోర్టుతో పాటే భద్రపరచుకోవాలి.